ఇంటి సేద్యంలో పాత ట్రాక్టరు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాసీ ఫెర్గూసన్ 1035, మహీంద్రా బి-275, ఐషర్, హెచ్‌ఎంటీ 2511, ఫోర్డ్ 3600, తొలినాటి స్వరాజ్, ఎస్కార్ట్స్... వీటిలో ఏదో ఒకటి ఇప్పటికీ చాలా ఇళ్ల ముందు నిలబడి ఉంటుంది. తాతో, తండ్రో కొన్న బండి. పొలం పని చేస్తూ ఆ బండిని కూడా నడిపించుకోవాలనుకునే కుటుంబాల కోసమే ఈ ప్రశ్నలు, జవాబులు. షోకేసులో పెట్టడానికి ట్రాక్టరు కొనేవారికి ఇందులో పెద్దగా ఏమీ దొరకదు.

ఎన్నేళ్లు దాటితే పాత ట్రాక్టరు అంటారు?

దీనికి ఖాయమైన లెక్క లేదు. బండిలో ఎలక్ట్రానిక్స్ లేకుండా, పానాల పెట్టె ఉన్న మనిషి మొత్తం విప్పి బిగించగలిగేది పాత ట్రాక్టరు అని నేను అనుకుంటాను. మన దేశంలో ఆ తరం 1959లో మొదలైంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఫరీదాబాద్ నుంచి ఐషర్ తొలి ట్రాక్టరు బయటికి వచ్చింది. 1960లో చెన్నైలో టాఫే ఏర్పడి మాసీ ఫెర్గూసన్ బండ్లు తయారు చేసింది. మహీంద్రా 1963లో అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసింది. బి-275 ఆ కలయికలో వచ్చిందే, ఇప్పటి 275 పేరుకు మూలం కూడా అదే. 1971లో హర్యానాలోని పింజోర్‌లో హెచ్‌ఎంటీ, చెక్ కంపెనీ జెటర్ సహకారంతో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. దుర్గాపూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ ఇంజనీర్లు గీసిన డిజైనుతో 1974లో మొహాలీ నుంచి స్వరాజ్ 724 వచ్చింది. పరాయి కంపెనీ నమూనా అరువు తెచ్చుకోకుండా మనవాళ్లే రూపొందించిన బండి అది. ఆ పేరు ఊరికే పెట్టలేదు.

ఉంచుకోవాలా, అమ్మేసి కొత్తది తీసుకోవాలా?

పదెకరాల పైన సొంత సేద్యం, పైగా బయట కిరాయిలు కూడా ఉంటే పాతదాని మీదే ఆధారపడకండి. అదును దాటే వేళ బండి ఆగిపోతే పోయేది ఒక పంట. కొద్దిపాటి పొలం ఉన్నవారికి, లేదా ఇంట్లో మరో ట్రాక్టరు ఉన్నవారికి మాత్రం పాత బండి అమ్మితే వచ్చే డబ్బు కంటే ఉంచుకుంటే జరిగే పనే ఎక్కువ. ట్రక్కు (ట్రెయిలరు) తగిలించి ఎరువులు తోలడం, మందు కొట్టడం, మినుము, పెసర చల్లేముందు గొర్రు తోలడం, కరెంటు లేనప్పుడు మోటారుకు బదులు పంపు తిప్పడం, ఇవన్నీ 35 హార్స్‌పవర్ బండికి సరిపోయే పనులు. అప్పు లేదు, వాయిదాలు లేవు. కొత్త బండిని ఇలాంటి చిల్లర పనులకు అరగదీయనక్కర్లేదు.

ఒక్క షరతు. ఇంట్లో ఒకరైనా దాని మీద మనసు పెట్టాలి. నూనె చూడడం, గ్రీజు కొట్టడం, డీజిలు గొట్టాల్లో చేరిన గాలి (ఎయిర్) తీయడం సొంతంగా చేసే మనిషి లేని ఇంట్లో పాత ట్రాక్టరు ఖర్చుల కుప్పే అవుతుంది.

పాతది కొంటున్నాం. ఏమేమి చూడాలి?

మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే చల్లని ఇంజన్ స్టార్ట్ కావడానికి ఎంత మొరాయిస్తుందో మీరు చూడకుండా జాగ్రత్తపడ్డారని అర్థం.

స్టార్ట్ చేయకముందే రేడియేటరు మూత తీసి చూడండి. నీళ్ల మీద నూనె తేలితే, లేదా ఇంజన్ ఆయిలు పాలు కలిసిన టీలా ఉంటే హెడ్ గాస్కెట్టో, స్లీవ్ సీళ్లో పోయాయి. స్టార్ట్ అయ్యాక ఇంజన్ ఆయిలు పోసే మూత తీయండి. కాస్త ఆవిరి రావడం సహజం. పొగ ఉబికి ఉబికి, గుప్పుగుప్పుమని కొడుతుంటే దాన్ని మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ రింగులు, సిలిండర్ బోర్లు అరిగాయన్నమాట. ఇంజన్ పని ఖర్చు లెక్కలో వేసుకునే బేరం ఆడండి.

లిఫ్టుకు (పనిముట్టును పైకెత్తే చేతులకు) గొర్రు తగిలించి పైకి లేపి ఇంజన్ ఆపండి. కొంచెం కొంచెంగా దిగడం పాత బండికి మామూలే. ఆపిన వెంటనే జారిపోతే లోపల సీళ్లు పోయాయి. ముందు చక్రాలను జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్ బుష్‌లు, బేరింగుల వదులు చేతికి తెలుస్తుంది. స్టీరింగ్ ఎంత తిప్పితే చక్రం కదులుతోందో చూడండి. ఎత్తు మీంచి గేరులో దింపుతూ యాక్సిలరేటర్ వదిలేయండి. గేరు దానంతటదే బయటికి వస్తే గేరుబాక్సు విప్పక తప్పదు. టైర్లు, పెయింటు చివర చూడవలసినవి. వాటిని మార్చడం సులువు కాబట్టే అమ్మేవారు ముందు వాటినే మెరిపిస్తారు.

ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చుకోవడం మరవవద్దు. ఇంజన్ మార్చిన బండ్లు చాలా తిరుగుతున్నాయి. మార్చడం తప్పు కాదు, కాగితాల్లో లేకపోవడం తప్పు.

రోటవేటరు లాగుతుందా?

అయిదడుగుల లోపు రోటవేటరు, పదును (తగిన తేమ) ఉన్న నేల, తక్కువ గేరు అయితే లాగుతుంది. నల్లరేగడి గట్టిపడ్డాక లాగించవద్దు. తొమ్మిది కర్రుల గొర్రు తేలికపాటి దుక్కికి సరిపోతుంది. వేసవిలో లోతు దుక్కులు, మొక్కజొన్న మోళ్లు పెకలించడం వంటి మొరటు పనులు 50 హార్స్‌పవర్ బండికి వదిలేయండి. ఇంజన్ గొంతు మారి, నల్లటి పొగ ఆగకుండా వస్తుంటే భారం మించిపోయింది. ఒక గేరు తగ్గించడమో, రెండు కర్రులు విప్పేయడమో చేయాలి. మామూలు పనిలో ఇలాంటి బండి గంటకు నాలుగు లీటర్లకు అటూ ఇటూగా డీజిలు తాగుతుంది.

దమ్ముకు దించవచ్చా?

దించవచ్చు, కానీ పాత బండికి దమ్మును (వరి మడిని నీళ్లు పెట్టి బురదగా దున్నడాన్ని) మించిన పరీక్ష లేదు. ముందు హబ్బుల సీళ్లు, వెనక యాక్సిల్ సీళ్లు, బ్రేకు డ్రమ్ములు అన్నీ బురదలో మునుగుతాయి. సీలు కొద్దిగా పోయినా నీళ్లు గేరు నూనెలోకి దిగుతాయి. దమ్ము సీజను కాగానే గేరు నూనె తెల్లబారిందేమో చూడండి. తెల్లబారితే మొత్తం దించేయాల్సిందే, పైన కొత్త నూనె పోసి సరిపెట్టుకోవద్దు. ప్రతి సాయంత్రం బండి కడిగాక గ్రీజు నిపుళ్లన్నింటికీ కొత్త గ్రీజు కొట్టండి, బురద కలిసిన పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి.

దమ్ము చక్రాలతో (ఇనుప చక్రాలతో) తారు రోడ్డెక్కడం నిషిద్ధం. రోడ్డు నాశనమవుతుంది, జరిమానా కూడా పడుతుంది. చక్రాలు ట్రక్కులో వేసుకెళ్లి చేను గట్టున బిగించుకోండి.

రోజూ చేయాల్సిన పనులేమిటి?

ఇంజన్ ఆయిలు, రేడియేటరు నీళ్లు, టైర్ల గాలి, ఫ్యాను బెల్టు బిగువు. ఇవి అందరికీ తెలుసు. అందరూ అశ్రద్ధ చేసేది ఎయిర్ క్లీనరును.

పాత బండ్లలో కాగితపు ఫిల్టరు ఉండదు. అడుగున ఒక గిన్నె, అందులో గుర్తు దాకా ఇంజన్ ఆయిలు. లోపలికి పోయే గాలి ఆ నూనెను తాకి, దుమ్మును అక్కడే వదిలి పైకి వెళుతుంది. ఒక ఎండాకాలపు రోజు దుక్కి తర్వాత ఆ గిన్నె దించి వేలు పెట్టి చూడండి. అడుగున మెత్తటి ఒండ్రు వేలికి తగులుతుంది. ఆ ఒండ్రే లేకపోతే దుమ్మంతా బోర్లలోకి వెళ్లి రింగులను గరగరా అరగదీసేది. దుమ్ము రోజుల్లో రోజూ గిన్నె తీసి డీజిలుతో కడిగి గుర్తు వరకే నూనె పోయండి. గుర్తు దాటి పోస్తే ఇంజన్ ఆ నూనెనే పీల్చుకుని, ఆపినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. గిన్నెకూ పైనున్న గొట్టానికీ మధ్య రబ్బరు వాషరు, హోసు పగిలి ఉంటే ఈ శ్రమంతా వృథా.

గంటల మీటరు పనిచేయని బండికి ఇంజన్ ఆయిలు ఎప్పుడు మార్చాలని అడుగుతారు. ముందు మీటరు బాగుచేయించండి. అప్పటిదాకా ప్రతి సీజనుకు ముందొకసారి, అయ్యాక ఒకసారి, ఫిల్టరుతో సహా మార్చండి.

డీజిలు అయిపోయి ఆగింది. పోశాక కూడా స్టార్ట్ కావడం లేదు. ఎందుకు?

గొట్టాల్లో గాలి చేరింది. మెకానిక్కును పిలవనక్కర్లేదు. డీజిలు ఫిల్టరు మీద చిన్న బోల్టు ఉంటుంది. దాన్ని రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపుకున్న చేతి మీటను పైకీ కిందికీ ఆడించండి. మొదట నురగ వస్తుంది. తర్వాత బుడగలు పెద్దవై, తగ్గి, చివరికి బుడగ లేని డీజిలు సన్నటి ధారగా వస్తుంది. అప్పుడే బోల్టు బిగించాలి, మీట ఆడిస్తూనే బిగించాలి. తర్వాత డీజిలు పంపు మీది బోల్టు దగ్గరా ఇదే వరుస. చివరగా ఇంజన్‌లోకి డీజిలు చిమ్మే నాజిళ్ల దగ్గర పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ తిప్పితే డీజిలు చిమ్ముతుంది. నట్లు బిగించి స్టార్ట్ చేయండి. చిమ్మే డీజిలు ముందు చెయ్యి పెట్టకండి. ఆ ఒత్తిడికి చర్మంలోకి దిగిపోతుంది, అలా జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మీట ఆడించినా బరువు తెలియకపోతే ఆ పంపును తోసే క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది. ఇంజన్‌ను కాస్త తిప్పి మళ్లీ ప్రయత్నించండి. ఎయిర్ తీసిన ప్రతిసారీ మర్నాటికి మళ్లీ చేరుతుంటే ఎక్కడో రాగి వాషరు అరిగింది, లేదా ట్యాంకు నుంచి వచ్చే పైపు పగిలింది.

పొగ రంగు చూసి జబ్బు చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. నల్లగా ఉంటే డీజిలుకు తగ్గ గాలి అందడం లేదు, లేదా భారం ఎక్కువ, లేదా నాజిల్ సరిగా చిమ్మడం లేదు. నీలంగా ఉంటే ఇంజన్ ఆయిలు కాలుతోంది. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు తెల్లగా వచ్చి వేడెక్కాక పోతే కంగారు లేదు. వేడెక్కినా తెల్లగానే ఉండి రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే వెంటనే ఆపండి.

లిఫ్ట్ లేవడం లేదు. పంపు పోయిందా?

మాసీ 1035 అయితే ముందు పీటీవో (బయటి యంత్రాలను తిప్పడానికి బండి వెనక ఉండే షాఫ్టు) మీట చూడండి. ఆ బండిలో హైడ్రాలిక్ పంపు గేరు నూనెలోనే మునిగి, పీటీవో షాఫ్టు మీదే తిరుగుతుంది. పీటీవో వేయకపోతే లిఫ్ట్ లేవదు. వేరే కంపెనీ బండి నడిపి కొత్తగా దీని మీదికి వచ్చినవారు పంపు పోయిందని విప్పించిన సందర్భాలు చాలా ఉన్నాయి. తర్వాత గేరు నూనె మట్టం చూడండి. గేరుబాక్సు, డిఫరెన్షియల్, లిఫ్ట్ మూడింటికీ ఒకటే నూనె. అది తగ్గినా, నీళ్లు కలిసినా, జల్లెడ మూసుకుపోయినా లిఫ్ట్ బలహీనపడుతుంది.

సీటు పక్కన రెండు మీటలు ఎందుకని కూడా అడుగుతుంటారు. ఒకటి పనిముట్టు ఎత్తును నిలిపేది, రెండోది నేల బిగువును బట్టి లోతును సర్దేది. ఈ రెండోదాని వెనక ఐర్లాండు ఇంజనీరు హ్యారీ ఫెర్గూసన్ ఆలోచన ఉంది. ఆయన కాలంలో నాగలిని ట్రాక్టరు వెనక గొలుసుతో లాగేవారు. నాగలి రాయికి తగులుకుంటే ట్రాక్టరు ముందు భాగం పైకి లేచి వెనక్కి తిరగబడేది. ఫెర్గూసన్ నాగలిని మూడు చోట్ల బండికి కలిపాడు. నేల బిగిస్తే పైనున్న కడ్డీ, అంటే టాప్ లింకు, ముందుకు నొక్కుకుంటుంది, ఆ నొక్కుడు స్ప్రింగు ద్వారా హైడ్రాలిక్‌కు చేరి నాగలి కొద్దిగా లేస్తుంది. 1920లలో ఆయన పేటెంట్ తీసుకున్న ఆ పద్ధతే ఈనాటి దాదాపు అన్ని ట్రాక్టర్లలోనూ ఉంది. దుక్కిలో ఆ రెండో మీటను వాడుకోవడం నేర్చుకుంటే డీజిలూ, టైర్లూ రెండూ మిగులుతాయి.

ఇంజన్ వేడెక్కుతోంది. ఏం చేయాలి?

రేడియేటరు రెక్కల్లో చిక్కిన గడ్డి, ఊక వెనక నుంచి ముందుకు నీళ్లు కొట్టి తీయండి. బెల్టు బిగించండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువున్న ఊళ్లలో వాన నీళ్లు పట్టి పోసుకోవడం మంచిది, లేకపోతే లోపల గార కట్టి ఏం చేసినా చల్లబడదు. వేడి మీద మూత తీయకండి, చన్నీళ్లు పోయకండి. హెడ్ పగులుతుంది.

ఇంజన్ పనికి ఎక్కడికి వెళ్లాలి? విడిభాగాలు దొరుకుతాయా?

మాసీ, మహీంద్రా, స్వరాజ్ విడిభాగాలు మండల కేంద్రాల్లోనే దొరుకుతాయి. మాసీలో ఉండే సింప్సన్ కంపెనీ ఇంజన్ లెక్కలేనన్ని బండ్లలో ఉండడం మనకు కలిసొచ్చింది. హెచ్‌ఎంటీ ట్రాక్టరు విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. దానికి ఇప్పుడు పాత సామాన్ల దుకాణాలే దిక్కు. అలాంటి బండి ఉన్నవారు చెడిపోయిన మరో బండిని విడిభాగాల కోసం కొని పెట్టుకుంటారు, అది తెలివైన పనే.

ఇంజన్ విప్పాల్సివస్తే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ప్లేనింగ్, నాజిల్ పరీక్ష అన్నీ ఒకే చోట అవుతాయి. క్రాంకును ఎంత సైజుకు రుద్దారో కాగితం మీద రాయించుకోండి. రేపు బేరింగులు కొనడానికి ఆ అంకె కావాలి. తక్కువ ధరకు వచ్చే నకిలీ రింగులు, బేరింగులు వద్దు. కూలీ రెండోసారి ఇవ్వాల్సి వస్తుంది. ఇంజన్ పని అయ్యాక మొదటి యాభై గంటలు తేలికపాటి పనులే చేయించి, నూనె మార్చి, హెడ్ బోల్టులు మళ్లీ బిగించాకే బరువు పెట్టండి.

ఇప్పటి డీజిలు పాత పంపుకు మంచిది కాదంటారు. నిజమేనా?

2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిలే వస్తోంది. అందులో గంధకం పది లక్షల భాగాల్లో పది భాగాలకు మించదు. పంపు అరగకుండా జారుడు గుణం తగ్గకూడదన్న నియమం కూడా ఆ డీజిలుకు ఉంది. కాబట్టి భయపడనక్కర్లేదు. పాత రబ్బరు సీళ్లు ఎండి కారడం మొదలుపెడితే మార్పించుకోండి. అసలు శత్రువు డబ్బాలో కలిసిన నీళ్లు, మట్టి. రోటరీ పంపుకు డీజిలే నూనె, వేరే నూనె ఉండదు. కనుక డబ్బాలో డీజిలును ఒక రోజు కదపకుండా ఉంచి, అడుగుది వదిలేసి, జల్లెడతో పోయండి. వరుస పంపు (ఇన్‌లైన్ పంపు) ఉన్న బండ్లలో పంపుకు విడిగా నూనె ఉంటుంది, అది చూడడం చాలామందికి గుర్తుండదు.

పాత ట్రాక్టరుతో ప్రమాదాలు ఎక్కువా?

ఎక్కువే. తిరగబడినప్పుడు మనిషిని కాపాడే ఇనుప చట్రం వీటికి లేదు. అందువల్ల కింది విషయాల్లో ఇంట్లో ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి.

బురదలో కూరుకుపోయినప్పుడు వెనక చక్రాలకు దుంగ కట్టి గేరు వేస్తారు. చక్రం తిరగదు, బండే యాక్సిల్ చుట్టూ తిరుగుతుంది. ముందు భాగం లేచి రెప్పపాటులో డ్రైవరు మీద పడుతుంది. దూకే వ్యవధి ఉండదు. రివర్సులో రావడానికి ప్రయత్నించండి, చక్రాల ముందు మట్టి తవ్వండి, లేదా వేరే బండితో లాగించండి. లాగే గొలుసు ఎప్పుడూ బండి వెనక కిందుండే లాగుడు పట్టీకే (డ్రాబారుకే) కట్టాలి. టాప్ లింకు చోట కట్టినా, యాక్సిల్ మీద కట్టినా జరిగేది అదే.

సెల్ఫ్ స్విచ్చి పాడైన బండిని కింద నిలబడి స్క్రూడ్రైవరుతో రెండు బోల్టులు కలిపి స్టార్ట్ చేసే అలవాటు ఊరూరా ఉంది. గేరులో ఉన్న సంగతి మరిచిపోతే వెనక చక్రం ఆ మనిషి మీదికే ఎక్కుతుంది. స్విచ్చి ఖరీదు ఎంతో కనుక్కోండి, ఆ రోజే మార్పించండి.

తిరిగే పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. కండువా, చీర కొంగు, చున్నీ చిక్కితే వెనక్కి లాక్కునే అవకాశం లేదు. షాఫ్టు మీద తొడుగు లేకుండా పంపుకు గానీ, నూర్పిడి యంత్రానికి గానీ బిగించవద్దు. మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిప్పడం ముద్దుగా అనిపిస్తుంది. ఒక గుంత చాలు, పడేది చక్రం ముందే. కూలీలను ట్రక్కులో ఎక్కించి తీసుకెళ్లడం కూడా మానాలి.

రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొక్కెం వేయండి. చేలో మలుపు కోసం విడిగా ఉంచిన బ్రేకును రోడ్డు మీద ఒక్కటే తొక్కితే బండి పక్కకు తిరిగిపోతుంది.

కాగితాల సంగతి?

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఉంటుంది, తర్వాత అయిదేళ్లకొకసారి ఫారం 25తో పునరుద్ధరించుకోవాలి. తండ్రి పోయాక ఆయన పేరు మీదే బండి నడుపుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోండి. ఎప్పుడో తీరిన బ్యాంకు అప్పు ఆర్‌సీలో ఇంకా కనిపిస్తుంటే ఫారం 35తో తీయించండి. థర్డ్ పార్టీ బీమా లేకుండా రోడ్డెక్కవద్దు. పదేళ్లు దాటిన డీజిలు బండ్ల మీద ఆంక్షలన్న వార్తలు ఢిల్లీ పరిసర ప్రాంతానికి సంబంధించినవి. వాటిని చూపించి మీ బండిని తక్కువకు అడిగేవారిని నమ్మకండి.

పని లేని నెలల్లో ఎలా ఉంచాలి?

నీడన పెట్టండి, ట్యాంకు నింపి ఉంచండి. ఖాళీ ట్యాంకు గోడలకు చెమ్మ పట్టి నీళ్లు చేరతాయి. లిఫ్ట్ కిందికి దించేయండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి కనుక గడ్డివాము పక్కన పెట్టవద్దు. క్లచ్ ప్లేటు అతుక్కుపోకుండా పెడలును తొక్కి కర్రతో ఆపి ఉంచడం పాత డ్రైవర్ల పద్ధతి, బాగా పనిచేస్తుంది. పదిహేను రోజులకొకసారి స్టార్ట్ చేసి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా తిప్పి, కాస్త ముందుకూ వెనక్కూ నడపండి.

ఇంట్లో కుర్రాళ్లకు నేర్పించాలంటే?

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రైతులకు ట్రాక్టరు నడపడం, మరమ్మతులు అక్కడ నేర్పుతారు. ఇంటి దగ్గర నేర్పితే స్టీరింగ్ చివర ఇవ్వండి. మొదట గ్రీజు గన్ను, తర్వాత ఎయిర్ క్లీనరు గిన్నె, తర్వాత ఎయిర్ తీయడం. బండి లోపల ఏం జరుగుతోందో తెలిసిన కుర్రాడు దాన్ని దురుసుగా తోలడు. పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు వచ్చాకే రోడ్డు మీదికి పంపండి.